గడిలో జొన్న పాతర

దొరల గడి బొమ్మ గీయమంటే ఎవరైనా దర్వాజాతోనే మొదలుపెడతారు. పెద్ద తలుపులు, పైన బురుజు, నగిషీల దూలాలు. జుక్కల్ వైపు కూలిపోతున్న ఒక పాత గడిలో కొన్నేళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. నా కాగితాల మీద దర్వాజా ఉండదు, జొన్న పాతర ఉంటుంది.

మాది నల్లరేగడి. బాగా పండిన ఏడు జొన్నను నేలలోనే దాచేవారు. గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పేర్చి, గింజ పోసి, పైన మట్టితో మూసేవారు. తీసేనాడు మూత తెరవగానే దిగకూడదు, లోపల చెడుగాలి నిండి ఉంటుంది. ముందు దీపం దింపాలి. అది ఆరిపోతే ఆగాలి. ఆగనిచ్చేవారా? ఆ గడికి వెట్టి చేసిన ఇంటి ముసలమ్మను అడిగాను. "దొర తొందరపెడితె దీపం ఎవలు సూస్తరు బిడ్డా" అంది. గింజ దొరది, దిగే ప్రాణం వెట్టివాడిది.

1956 నవంబరు 1 దాకా జుక్కల్, బిచ్కుంద సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. ఆ రోజు నిజామాబాద్‌లో కలిశాయి. అందుకే ఇక్కడి పెద్దల మాటల్లో తెలుగు, మరాఠీ కలగలిసిపోతాయి. నిజాం సర్కారు కాగితాలేమో ఉర్దూలో నడిచేవి. పాతరలోకి దిగినవాడి పేరు ఆ మూడింట్లో దేనిలోనూ నాకు దొరకలేదు. బొమ్మ వేయక తప్పదనిపించింది అందుకే.

ఈ పనిలో నాకు దారి చూపింది 'దాసి' సినిమా. గౌతమ్ ఘోష్ 'మా భూమి'లో జనం గడి మీదికి వెళ్తారు. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' మాత్రం గడి లోపలే ఉండి, దొరసాని వెంట అరణంగా వచ్చిన కమలాక్షి బతుకును చూస్తుంది. ఆ పాత్ర వేసిన అర్చనకు జాతీయ అవార్డు వచ్చింది. కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠానికీ వచ్చింది. పల్లె మనుషుల్ని గీసే చెయ్యి గడి గదుల్ని అమర్చింది కనుకే, అందులో దొర వైభవం కంటే దాసి చాకిరీ ముందు కనబడుతుందని నా నమ్మకం.

నేను బొగ్గు, జాజు, సున్నం వాడతాను. ఆ గోడలు ఎరిగిన సరుకే అది. పాతర నోరు ఎంత ఉందో అంతే కొలతకు గీస్తాను, తగ్గించను. చూసేవాడు తన భుజాలు అందులో పట్టునా అని లెక్క వేసుకోవాలి. ఊళ్లో ఈ బొమ్మలు పరిచినప్పుడు పెద్దవాళ్లు అంచు దగ్గర కూర్చుని, దిగేటప్పుడు కాలు ఎక్కడ మోపేవారో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ మాటలన్నీ రాసుకున్నాను. తర్వాతి బొమ్మలు వాటితోనే.

మా జిల్లాలోనే దోమకొండ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. చాలా సంతోషించాను. ఈ గడికి అంత ఖర్చు పెట్టేవారు ఉండకపోవచ్చు. స్థలం గలవారిని నేను అడిగేది ఒక్కటే: గోడలు తీసేసినా సరే, చదును చేసేటప్పుడు పాతరను మాత్రం పూడ్చకండి. చుట్టూ కంచె వేసే ఖర్చు నేను పెట్టుకుంటాను.