గుమ్మడికాయ దొంగ

నాలుగైదేళ్ళ క్రితం మాట. నవంబరు నెల, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందువారం. కార్యాలయంలో అందరమూ తలా ఒక వంటకం తెచ్చుకొని కలిసి భోంచేద్దామనుకొన్నాము. నేను బటర్‌నట్ గుమ్మడికాయను ముక్కలు తరిగి, నూనె పట్టించి, అవెన్‌లో కాల్చి, పైన ఆవాలు, ఎండుమిరప, కరివేపాకుతో తిరగమోత వేసి పట్టుకుపోయాను. ఒక సహోద్యోగి రుచి చూసి, "ఇది ఇండియన్ వంటేనా?" అని అడిగాడు. "కాదు. తిరగమోత ఒక్కటే మాది. తక్కినదంతా మీ పూర్వులదే" అన్నాను, మర్యాదగానే. ఆయన సంతోషించి మరికాస్త వడ్డించుకొన్నాడు.

ఆ సమాధానం తప్పని తెలియడానికి నాకు మరో ఏడాది పట్టింది. ఈ టపా ఆ తప్పును దిద్దుకోవడానికే వ్రాస్తున్నాను.

ముందు మన గుమ్మడి సంగతి. తెలుగులో గుమ్మడి అన్న ఒక్క పేరు క్రింద రెండు వేరువేరు జాతులు కాపురముంటున్నవి. దిష్టికి వ్రేలాడగట్టేది, వడియాలు పెట్టేది బూడిద గుమ్మడి. అది ఆసియా ఖండపు కాయ. సంస్కృతంలో కూష్మాండమన్నది దానినే. దప్పళంలో పడేది తియ్య గుమ్మడి. ఇది అమెరికా ఖండపు కాయ, కొలంబస్ తరువాతి కాలంలో ఐరోపావారి ఓడలమీద మన తీరానికి చేరినది. మిరపకాయలాగానే వచ్చింది, మిరపకాయలాగానే మనదైపోయింది. సంక్రాంతినాడు తియ్య గుమ్మడి లేని దప్పళాన్ని మా గోదావరి జిల్లాలో ఎవరూ దప్పళమనరు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నట్టు అన్న సామెత మాత్రం పాత కాయదే. మోసుకుపోయినవాడి భుజానికి బూడిద అంటించేది అదే కదా! అమెరికా గుమ్మడికి ఆ బూడిద లేదు. ఎత్తుకుపోయినా ఆనవాలు మిగలదు.

ఇక్కడివారు వింటర్ స్క్వాష్ అనే చలికాలపు గుమ్మడి నిజానికి చలికాలంలో కాయదు. వేసవి మొదట్లో విత్తితే, మంచు పడకమునుపు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కోతకు వస్తుంది. గోరు దిగనంతగా తోలు ముదిరాక కోసి, పదిరోజులు వెచ్చగా ఆరనిస్తే, చల్లని పొడిచోట నెలల తరబడి నిలుస్తుంది. చలికాలమంతా తినడానికి ఉంటుంది గనుక ఆ పేరు. నిలవ ఉన్నకొద్దీ లోపలి పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. కోసిననాటికంటె నెల తరువాత తియ్యగా ఉండేది అందుకే. లేతగా ఉండగా కోసి తోలుతో సహా వండుకొనేది వేసవి గుమ్మడి. జుకినీ ఆ కోవలోనిది.

ఈ కాయను మచ్చిక చేసిన చరిత్ర నన్ను నివ్వెరపరచింది. దక్షిణ మెక్సికోలో, వహాకా లోయలో, గిలా నకీత్జ్ అనే గుహ ఉన్నది. 1966లో కెంట్ ఫ్లానరీ అక్కడ త్రవ్వకాలు జరిపాడు. అందులో దొరికిన గుమ్మడి గింజలను బ్రూస్ స్మిత్ మళ్ళీ పరిశీలించి, అవి సుమారు 10,000 సంవత్సరాల నాటివని, అడవికాయ గింజలకంటె పెద్దవని, అంటే మనుషులు సాగుచేసినవని 1997లో ప్రకటించాడు. ఆ ఖండంలో మొక్కజొన్నకంటె, చిక్కుడుకంటె ముందు మనిషి చేతికి వచ్చిన పంట ఇదన్నమాట. అడవిగుమ్మడి కండ కటికచేదు. తొలినాళ్ళలో వాళ్ళు దాచుకొన్నది గింజలకోసమో, ఎండిన బుర్రను పాత్రగా వాడుకోవడానికో కావచ్చు. ఆ చేదును తియ్యదనంగా మార్చినది ఏ ఒక్కరూ కాదు. వందల తరాలవారు, ఏటేటా మంచికాయ చూసి దాని గింజ దాచిపెట్టినవారు. ఉత్తర అమెరికా తూర్పుభాగంలో మరొకసారి, విడిగా, సుమారు 5,000 ఏళ్ళనాడు ఇదే పని జరిగింది. అంగళ్ళలో కనబడే గాడులు పడ్డ ముదురాకుపచ్చని ఏకార్న్ గుమ్మడి ఆ రెండవ వంశానికి చెందినది.

స్క్వాష్ అన్న మాట కూడా ఇంగ్లీషు కాదు. నారగాన్సెట్ ప్రజల భాషలోని అస్కుటస్క్వాష్‌ను తెల్లవారు తమ నోటికి అనువుగా కత్తిరించుకొన్నారు. రోజర్ విలియమ్స్ 1643లో అచ్చువేసిన ఆ భాషాగ్రంథంలో ఆ పదమున్నది.

నేనుంటున్నది న్యూయార్కు రాష్ట్రంలో, మహానగరానికి బహుదూరంగా, ఫింగర్ లేక్స్ అనే సన్నని పొడవాటి సరస్సుల సీమలో. ఇది హోడెనోషోనీ ప్రజల సమాఖ్యకు చెందిన నేల. ఇరొక్వా అన్నది ఇతరులు వారికి పెట్టిన పేరు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, తరువాత వచ్చి చేరిన టస్కరోరా, మొత్తం ఆరు జాతులు. వీరి పొలాలు స్త్రీలవి. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి మూడింటినీ ముగ్గురు అక్కచెల్లెళ్ళని పిలుస్తారు, ఒకే మట్టిదిబ్బపై నాటుతారు. మొక్కజొన్న నిలబడి చిక్కుడుకు పందిరి అవుతుంది. చిక్కుడు నేలకు నత్రజని ఇస్తుంది. గుమ్మడి తన వెడల్పాటి ఆకులతో నేలను కప్పి తేమను కాపాడుతుంది, కలుపును అణచివేస్తుంది. దాని తీగలకున్న నూగుముళ్ళు అడవిజంతువులకు గిట్టవు. కంచంలో కూడా ఈ పొత్తు కుదురుతుంది. మొక్కజొన్నలో లేని మాంసకృత్తులు చిక్కుడులో ఉన్నవి, రెంటిలోనూ చాలని విటమిన్లు గుమ్మడిలో, నూనె దాని గింజలలో ఉన్నవి. కాయను నిప్పుల బూడిదలో పెట్టి కాల్చడం వారికి తెలిసిన పద్ధతే. మన వంకాయను కుంపటిలో కాల్చినట్టు.

ఈ పొలంపని ఎంత నేర్పుతో కూడినదో తెలియాలంటే బఫెలో బర్డ్ వుమన్ అనే హిడాట్సా వృద్ధురాలు చెప్పిన సంగతులు చదవాలి. ఆమెది మిస్సోరి నదీతీరం, నేటి ఉత్తర డకోటా. ఈ సరస్సులకు బహుదూరం. కాని ఇంత వివరంగా తన సేద్యాన్ని వ్రాయించిన స్త్రీ మరొకరు నాకు కనబడలేదు. గిల్బర్ట్ విల్సన్ ఆమె మాటలను వ్రాసుకొని 1917లో ప్రకటించాడు. అడవిదున్న భుజపుటెముకతో చేసిన కత్తితో గుమ్మడిని చక్రాలుగా తరగడం, ఆ చక్రాలను విల్లో పుల్లలకు గ్రుచ్చి మంచెపైన ఎండబెట్టడం, ఎండినవాటిని గడ్డిత్రాళ్ళకు మాలలుగా గ్రుచ్చి శీతకాలానికి దాచడం, అన్నీ చెప్పింది. ఆడపిల్లలు గుమ్మడికాయలనే బొమ్మలుగా చేసికొని ఆడుకోవడం కూడా చెప్పింది. మన ఇళ్ళలో వడియాల రోజున మేడమీద జరిగే హడావిడి గుర్తుకువచ్చింది నాకు. మా అమ్మమ్మ వడియాల విద్యను ఇలా కూర్చొని వ్రాసుకొన్నవారెవరూ లేరు.

ఇక అసలు సంగతి. ఒక సెప్టెంబరు ఆదివారంనాడు, రోడ్డుప్రక్క రైతు బల్లమీద డబ్బులపెట్టె పెట్టి అమ్మే గుమ్మడికాయలు రెండు కొని కారులో వేసికొని వస్తూ, ఒక రాతిఫలకం దగ్గర ఆగాను. ఎన్నిసార్లో దాని ముందునుంచి పోయాను గాని ఎన్నడూ చదవలేదు. 1779లో సలివన్, క్లింటన్ సేనానులు నడచిన దారి పటం అది. 1929లో, ఆ దండయాత్రకు నూటయాభై ఏళ్ళు నిండినప్పుడు ఇలాంటి ఫలకాలు న్యూయార్కు, పెన్సిల్వేనియా రాష్ట్రాలలో చాలాచోట్ల నిలిపారు. సరిహద్దులలో ఇంగ్లీషువారి, ఇండియన్ల దాడులను అరికట్టిన యాత్ర అని, దేశాధికారాన్ని పడమటికి విస్తరింపజేసిన యాత్ర అని దానిపై ఉన్నది. అరికట్టినది ఎలాగో మాత్రం లేదు.

ఇంటికి వచ్చి చదివాను. అమెరికా స్వాతంత్ర్యయుద్ధంలో ఆరు జాతులు చీలిపోయినవి. ఒనైడాలు, టస్కరోరాలు ఎక్కువమంది అమెరికన్ల పక్షం, తక్కినవారిలో అధికులు ఇంగ్లీషువారి పక్షం. 1778లో వయోమింగ్ లోయలోనూ, చెర్రీ వ్యాలీలోనూ సరిహద్దు పల్లెలపై దాడులు జరిగినవి. చెర్రీ వ్యాలీలో స్త్రీలు, పిల్లలు చనిపోయారు. అది కప్పిపుచ్చవలసినది కాదు. దానికి జవాబుగా జార్జి వాషింగ్టన్ 1779 మే 31న సలివన్‌కు ఆజ్ఞాపత్రం వ్రాశాడు. వారి ఊళ్ళను జయించడం చాలదు, రూపుమాపాలి. నేలమీదనున్న పంటను నాశనం చేయాలి, మళ్ళీ విత్తనం పెట్టనీయరాదు. పత్రంలోని సారాంశం అది.

నాలుగువేలకు పైబడిన సేన. ఆగస్టు 29న న్యూటౌన్ దగ్గర ఒక్కటే చెప్పుకోదగ్గ పోరు. తరువాత సేనకు పని పొలాలతోనే. సెప్టెంబరు నెలంతా, అంటే మూడు పంటలూ కోతకు వచ్చిన సమయంలో, కంకులు విరిచి ఇళ్ళలో కుప్పపోసి ఇంటితోపాటు తగులబెట్టారు, నదులలో పారబోశారు. పీచు, ఆపిల్ తోటలు నరికారు. నలభై ఊళ్ళు, 1,60,000 బుషెళ్ళ మొక్కజొన్న అని సలివన్ తన నివేదికలో లెక్క చెప్పుకొన్నాడు. గుమ్మడికాయలను ఎవరూ లెక్కపెట్టలేదు. సైనికుల దినచర్యలలో మాత్రం అవి కనబడుతవి. రేషను చాలక, తగులబెట్టబోయే పొలంలోనే మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వండుకొని తృప్తిగా తిన్నామని వ్రాసుకొన్నవారున్నారు. మేమిప్పుడు ఉంటున్న ఇథకా ఊరి దక్షిణపు కొసన కోరియోర్గోనెల్ అనే పల్లె ఉండేది. కయూగాల వద్ద ఆశ్రయం పొందిన టుటెలో ప్రజలది. దానిని సెప్టెంబరు 24న కాల్చారు. నేను గుమ్మడికాయలు కొన్న బల్ల అక్కడికి దగ్గరే.

ఆ చలికాలం బహుక్రూరమైనది. న్యూయార్కు రేవు గడ్డకట్టిన సంవత్సరమది. ఐదువేలకు పైగా శరణార్థులు నయాగరా కోటకు చేరి, ఇంగ్లీషువారి గింజలకోసం గోడల వెలుపల గుడిసెలు వేసికొన్నారు. ఆకలితో, చలితో ఎందరో పోయారు. నెలల తరబడి నిలవ ఉండే కాయ అన్నమాటకు అర్థం నాకప్పుడు బోధపడింది. దాచుకొన్నది పోతే ఆ నేలమీద వసంతందాకా మరేమీ మొలవదు. పదకొండేళ్ళ తరువాత, 1790లో, సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ ఫిలడెల్ఫియాకు వెళ్ళి అధ్యక్షుడైన వాషింగ్టన్ ముఖంమీదనే చెప్పాడు. మేము నిన్ను ఊళ్ళను నాశనం చేసేవాడని పిలుస్తాము, ఆ పేరు వింటే మా స్త్రీలు నేటికీ పాలిపోతారు, పిల్లలు తల్లుల మెడలు కరచుకొంటారని.

ఇక్కడొక విశేషం సాహిత్యాభిమానులకోసం. యుద్ధమయ్యాక ఈ నేలను కొలిచి ముక్కలుచేసి, సైనికులకు బాకీపడ్డ ప్రతిఫలంగా పంచారు. కొత్త ఊళ్ళకు పాత పేర్లు పనికిరాలేదు. ఏం పెట్టారనుకొన్నారు? హోమర్, వర్జిల్, ఓవిడ్, యులిసిస్! నేను రోజూ కారులో ఈ మహాకవుల మీదుగా పోయి వస్తున్నాను. మొదట్లో ఎంత మురిసిపోయానో, ఎందరు స్నేహితులకు గొప్పగా చెప్పానో తలచుకొంటే సిగ్గుగా ఉంటుంది.

అదే వాషింగ్టన్ 1789 నవంబరు 26ను దేశమంతా కృతజ్ఞతలు చెప్పుకొనే దినంగా ప్రకటించాడు. ఏటేటా జరిగే జాతీయపర్వం అయినది 1863లో, లింకన్ ప్రకటన తరువాత. 1621లో ప్లిమత్‌లో జరిగిన విందును గురించి విన్‌స్లో వ్రాసిన ఉత్తరంలో పక్షులు, ఐదు జింకలు ఉన్నవి గాని గుమ్మడి ప్రసక్తి లేదు. గుమ్మడి తెల్లవారి వంటపుస్తకానికి ఎక్కినది తరువాత. 1796లో అమీలియా సిమన్స్ హార్ట్‌ఫర్డ్‌లో అచ్చువేయించిన పుస్తకంలో చలికాలపు గుమ్మడితో, ఆపిల్‌పండ్లతో పుడ్డింగు చేసే పద్ధతి ఉన్నది. అక్కడినుంచి దారి మనకు తెలిసినదే. పంతొమ్మిదవ శతాబ్దంలో హబర్డ్, ఇరవయ్యవ శతాబ్దంలో ఏకార్న్, బటర్‌నట్ రకాలు వచ్చినవి. మా ఊరి కోర్నెల్ విశ్వవిద్యాలయంలోనే మైకేల్ మజురెక్ అరచేతిలో ఇమిడే తియ్యటి హనీనట్ రకాన్ని తయారుచేశాడు. చాలా బాగుంటుంది. ఆ విత్తనాల వెనుకనున్న స్త్రీల పేర్లు ఏ విత్తనాల పట్టీలోనూ ఉండవు.

వంట అడిగేవారికోసం చెప్తాను. కాయను నిలువుగా రెండుగా కోయండి. బలమైన కత్తి కావాలి, చేయి జాగ్రత్త. గింజలు తీసి విడిగా వేయించుకోండి, పారవేయకండి. కోసినవైపు నూనె, ఉప్పు రాచి, పళ్ళెంలో ఆ వైపే క్రిందికి బోర్లించి, 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ముప్పావుగంట ఉంచండి. వేలితో నొక్కితే తోలు లోపలికి దిగాలి. అంచులు నల్లబడితే భయపడవద్దు, రుచి అక్కడే ఉన్నది. ఉడికిస్తే నీరు పట్టే కండ, కాలిస్తే నీరు పోయి తియ్యదనం చిక్కబడుతుంది. ఇక్కడివారు మేపుల్ పాకం పోస్తారు. అది కూడా ఈ నేలవారు నేర్పినదే. నేను తిరగమోతే వేస్తాను. అన్నంలోకి ఆదరువుగా బాగానే ఉంటుంది, కాస్త నిమ్మరసం పిండితే.

అమ్మ మొదటిసారి మాయింటికి వచ్చినప్పుడు బటర్‌నట్‌ను చేతిలోకి తీసికొని అటూ ఇటూ త్రిప్పి, "సొరకాయకీ గుమ్మడికాయకీ పుట్టినట్టుందిరా ఇది" అన్నది. అవెన్‌లో కాల్చినది పెడితే తిని, "బాగుంది గానీ, ఇంత మంచి కాయను పులుసులో వేయకుండా తగలబెట్టుకొంటారేం?" అన్నది. ఆమెకు ఈ కథ అప్పటికి నేను చెప్పలేదు. నాకే తెలియదు.

ఆ సహోద్యోగికి చెప్పాలనుకొన్నాను. మరుసటి నవంబరు వచ్చేసరికి ఆయన వేరే ఉద్యోగం చూసికొని వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయాడు. ఆ ఏడు విందులో మరెవరో అదే ప్రశ్న అడిగారు, ఇది ఇండియన్ వంటేనా అని. అవునన్నాను. ఏ ఇండియన్లదో చెప్పబోతుండగా టర్కీ కోయడానికి అందరినీ పిలిచారు.