996 - కుర్రాళ్ళు ఏం సాధించినట్టు?

పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజులు. చైనా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీన్నే 996 అంటారు. లెక్కేస్తే 72 గంటలు. (2023లో మన నారాయణమూర్తి గారు అడిగింది 70. రెండు గంటలు దయ తలిచారు!)

అసలు అక్కడ చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 1995 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 44కి మించకూడదు. ఓవర్‌టైం నెలకి 36 గంటలే. భోజనాలకీ టీలకీ రోజుకి రెండు గంటలు తీసేసినా వారానికి 60 అవుతుంది, నెల కోటా మూడో వారంలోనే ఖతం. పైగా సెలవు రోజు పనికి రెట్టింపు జీతం ఇవ్వాలి. ఎవరిచ్చారు?

స్వతంత్ర యూనియన్లు పెట్టుకునే వీల్లేని దేశం. అందుకే 2019 మార్చిలో కుర్రాళ్ళు గిట్‌హబ్ ఎక్కారు. "996.ఐసీయూ" అని ఓ రిపాజిటరీ.. ఇలా పనిచేస్తే చేరేది ఐసీయూలోనే అని. కొద్ది వారాల్లోనే 2 లక్షల స్టార్లు దాటాయి. కార్మిక చట్టం పాటించని కంపెనీ మా కోడ్ వాడకూడదంటూ ఓ లైసెన్స్ కూడా రాశారు. చైనా బ్రౌజర్లు కొన్ని ఆ పేజీని అడ్డుకున్నాయి. గిట్‌హబ్‌నే మూసేస్తే? ఆ కంపెనీల పనే ఆగిపోతుంది. చోటు భలే ఎంచుకున్నారనిపిస్తుంది నాకు. ఆ ఏప్రిల్‌లోనే జాక్ మా, 996 దొరకడం అదృష్టమన్నాడు.

2021 ఆగస్టులో సుప్రీం కోర్టు 996 చట్టవిరుద్ధమని తేల్చింది. అది చూపించిన కేసుల్లో ఒకటి, 2020 జూన్‌లో ఓ కొరియర్ కంపెనీలో చేరినతనిది. ఓవర్‌టైం చెయ్యనన్నాడని పీకేశారు. పరిహారం 8,000 యువాన్లు, అంటే సరిగ్గా అతని నెల జీతం.

గెలిచేశారు కదా అనుకుంటాం. అసలు చిక్కు ఇక్కడే. అదే నెలలో బైట్‌డాన్స్ ఆదివారం విడిచి ఆదివారం పనిచేసే పద్ధతి ఎత్తేసింది. ఆ ఆదివారాలకి డబుల్ జీతం వచ్చేది, అదీ పోయింది! అంతకుముందు కంపెనీ లోపల అడిగితే మూడోవంతు మంది ఎత్తెయ్యమన్నారు, మూడోవంతు వద్దన్నారట. వద్దన్నవాళ్ళని నేను తప్పుపట్టను. 35 దాటితే ఎవరూ ఉద్యోగమివ్వరన్న భయం అక్కడ మామూలే. ఈలోపే ఇల్లు కొనాలి, దాని అప్పు తీర్చాలి. గంటలు తగ్గించమన్న కోర్టు, అసలు జీతం పెంచమని ఎవరికీ చెప్పలేదు.