హైదరాబాదు దవాఖానాలలో మత సామరస్యం

హైదరాబాదు నగరంలోని ప్రభుత్వ దవాఖానాలు వివిధ మతాలకు, భాషలకు, కులాలకు చెందిన ప్రజలు ఒకే కప్పు కింద చికిత్స పొందే, కలిసి పనిచేసే స్థలాలు. ఈ సంప్రదాయం రూపుదిద్దుకోవడంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి, దాని ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాకకు ప్రత్యేక స్థానం ఉంది. వైద్యవిద్య విశ్వవిద్యాలయం ద్వారాను, ఆహార లోపాల వలన కలిగే వ్యాధులపై పరిశోధన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ద్వారాను నగరంలోని వార్డులకు చేరాయి.

పేరు

"దవా" అనగా మందు, ఇది అరబ్బీ పదం. "ఖానా" అనగా ఇల్లు, ఇది పారశీక పదం. ఉర్దూ ద్వారా వచ్చిన "దవాఖానా" అనే మాట తెలంగాణ తెలుగులో అన్ని మతాల వారి వాడుకలోనూ ఉంది. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని జనం "కోరంటి దవాఖానా" అంటారు. కోరంటి అనేది క్వారంటైన్ అనే మాటకు స్థానిక రూపం. 2018లో ప్రారంభమైన బస్తీ దవాఖానాలకు కూడా ప్రభుత్వం ఈ మాటనే ఎంచుకుంది.

చరిత్ర

హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో ప్రారంభమైంది. ఇక్కడ చదివిన పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా పేరొందారు. బ్రిటిషు వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో ఇక్కడ జరిగిన క్లోరోఫారం పరిశోధనలు ప్రసిద్ధమైనవి. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ధ్వంసమైంది. తరువాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనతో, మూసీ ఒడ్డునే ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వెలసింది.

1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. వైద్య గ్రంథాలను సైతం అనువాద విభాగం ఉర్దూలోకి తెచ్చింది. ఆ విధంగా ఉర్దూలో వైద్యం నేర్చిన హిందూ, ముస్లిం విద్యార్థులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే రోగులకు చికిత్స చేశారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత బోధన ఆంగ్లంలోకి మారింది. వైద్య కళాశాల తరువాతి కాలంలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్ళింది.

తార్నాక పరిశోధన

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దక్కను పీఠభూమిలో జొన్నలే ప్రధాన ఆహారంగా ఉన్న పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, నోటిపూత, విరేచనాలు, మానసిక అస్థిరత దీని లక్షణాలు. జొన్నలోని ల్యూసిన్‌కు ఈ వ్యాధితో సంబంధం ఉండవచ్చునని సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంపై తరువాత శాస్త్రవేత్తలలో చర్చ జరిగింది.

సామరస్యం దృష్ట్యా ఈ పరిశోధనలో గమనించదగిన అంశం ఒకటుంది. రోగులను గుర్తించినది వారి మతాన్ని బట్టి కాదు, వారు తినే ధాన్యాన్ని, వారి పేదరికాన్ని బట్టి. వ్యాధిని ఆధారంగా చేసుకొని మనుషులను వర్గీకరించినప్పుడు వార్డులో పక్కపక్క మంచాలపై ఎవరుంటారో నిర్ణయించేది మతం కాదు.

తార్నాకలోని రోడ్డు రవాణా సంస్థ ఆసుపత్రిలో కూడా ఇటువంటి సూత్రమే కనిపిస్తుంది. అక్కడ చికిత్సకు అర్హత సంస్థలో ఉద్యోగం. డ్రైవర్లు, కండక్టర్లు, వారి కుటుంబాలు ఏ మతానికి చెందినా ఒకే వరుసలో నిలుస్తారు.

సామరస్యానికి కారణాలు

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో, వేర్వేరు వర్గాల మధ్య దురభిప్రాయాలు తగ్గడానికి నాలుగు పరిస్థితులు అవసరమని వివరించాడు. అవి సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, సంస్థ యొక్క మద్దతు. ఆసుపత్రి విధానాలలో ఇవి కొంతవరకు ఇమిడి ఉన్నాయి. అత్యవసర విభాగంలో ముందుగా చూసేది ప్రాణాపాయంలో ఉన్నవారిని. రక్తం ఎక్కించేటప్పుడు చూసేది రక్తవర్గాన్ని. అవయవదానం కొరకు 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకంలో కూడా కేటాయింపునకు మతంతో సంబంధం లేదు.

ఇజ్రాయెల్‌లోని హదాసా ఆసుపత్రిని ఈ విషయంలో తరచు ఉదహరిస్తారు. అక్కడ యూదు, అరబ్బు వైద్యులు, నర్సులు కలిసి పనిచేస్తారు.

పరీక్షా సమయాలు

2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తరువాత జరిగిన పోలీసు కాల్పులలోనూ పలువురు మరణించారు. అదే సంవత్సరం ఆగస్టు 25న లుంబినీ పార్కు, కోఠిలోని గోకుల్ చాట్ వద్ద పేలుళ్ళు జరిగాయి. మే నెలలో మసీదు నుండి, ఆగస్టులో కోఠి నుండి పలువురు క్షతగాత్రులను ఉస్మానియా జనరల్ ఆసుపత్రికి చేర్చారు. నగరంలో అనుమానాలు పెరిగిన రోజులలో కూడా రెండు ఘటనల బాధితులకు ఈ దవాఖానాలో అత్యవసర చికిత్స అందింది.

పరిమితులు

ఆసుపత్రిలోని సామరస్యాన్ని సంపూర్ణ సమానత్వంగా భావించరాదు. రోగుల మధ్య సమానత కొంత ఉన్నా, ఉద్యోగుల మధ్య హోదాల అంతరం ఎక్కువ. పారిశుధ్య పని చాలావరకు దళిత వర్గాలవారిపైనే పడుతున్నది. రోగి భాష వైద్యునికి రాకపోతే వ్యాధి వివరాలు సరిగా అందవు. డబ్బున్నవారు ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్ళడం వలన, ప్రభుత్వ వార్డులో కలిసేది ముఖ్యంగా వివిధ మతాల పేదలే. పైగా ఈ పరిచయం వార్డులో ఉన్నన్నాళ్ళే. ఇంటికి వెళ్ళిన తరువాత ఎవరి బస్తీ వారిదే. అయినా మతం అడగకుండా సేవ చేయడం సాధ్యమేనని, అందుకు వ్యక్తుల మంచితనంతో పాటు స్పష్టమైన నియమాలు కూడా అవసరమని ఈ దవాఖానాల అనుభవం చూపుతున్నది.