ప్రత్యర్థి ముక్కల అంచనా (ఆన్‌లైన్ పోకర్)

పోకర్‌లో ఎదుటి ఆటగాడు పందేలు వేసే తీరును బట్టి అతని చేతిలో ఏ ముక్కలు ఉండే వీలుందో లెక్కగట్టడాన్ని ప్రత్యర్థి ముక్కల అంచనా అంటారు. ఆటగాళ్ల వాడుకలో దీని పేరు హ్యాండ్ రీడింగ్. ఫలానా రెండు ముక్కలే ఉన్నాయని తేల్చి చెప్పడం దీని ఉద్దేశం కాదు. ఉండగల కూర్పులన్నిటినీ ముందు పెట్టుకుని, పందెం పందేనికీ పొసగనివాటిని తీసేస్తూ పోవడమే అసలు పని. అలా మిగిలిన గుంపును రేంజ్ అంటారు. నో-లిమిట్ టెక్సస్ హోల్డెమ్ ఆటలో బిగ్ బ్లైండ్ (పంపకానికి ముందే పెట్టాల్సిన రెండు తప్పనిసరి పందేల్లో పెద్దది; చిన్నది స్మాల్ బ్లైండ్) 2 నుంచి 10 అమెరికన్ సెంట్ల వరకు ఉండే చిన్న పందేల క్యాష్ టేబుళ్లలో ఈ అంచనా ఎలా సాగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

రమ్మీ ఆడేవారికి ఈ ఆలోచన కొత్త కాదు. ఎదుటివారు కింద పడిన ఎనిమిదిని ఎత్తుకున్నారంటే, దాని పక్క ముక్కలు పడేయడానికి చేయి వెనకాడుతుంది. పోకర్‌లో ఎత్తుకునే ముక్క ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఎంత పందెం వేశారన్నదే ఆధారం.

జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కార్ మోర్గెన్‌స్టర్న్ 1944లో వెలువరించిన క్రీడా సిద్ధాంత గ్రంథంలో పోకర్‌ను, అందులోని బ్లఫ్‌ను (బలం లేకున్నా ఉన్నట్టు పందెం వేయడాన్ని) గణితపరంగా విశ్లేషించారు. తర్వాత డేవిడ్ స్క్లాన్‌స్కీ 'ద థియరీ ఆఫ్ పోకర్' పుస్తకంలో ఒక మూలసూత్రం ప్రతిపాదించాడు. ప్రత్యర్థి ముక్కలు కళ్లకు కనబడితే ఎలా ఆడతామో, కనబడనప్పుడూ అలాగే ఆడగలిగితే లాభం మనది. అందుకు భిన్నంగా ఆడిన ప్రతిసారీ లాభం ప్రత్యర్థిది. ముక్కల అంచనాకు ఇంత విలువ రావడానికి కారణం ఈ సూత్రమే.

కూర్పుల లెక్క

52 ముక్కల కట్టలోంచి రెండు ముక్కలు 1,326 విధాలుగా రావచ్చు. ఏ జతైనా (ఉదాహరణకు రెండు తొమ్మిదులు) 6 విధాలుగా వస్తుంది. ఆసు-రాజు వంటి వేర్వేరు ముక్కలు 16 విధాలుగా వస్తాయి. వాటిలో రెండూ ఒకే గుర్తువి, అంటే రెండూ ఇస్పేటో రెండూ కళావరో అయినవి 4, వేర్వేరు గుర్తులవి 12.

ఒక ముక్క మన చేతిలోనో, అందరికీ ఉమ్మడిగా తెరిచే ముక్కల్లో భాగంగా బల్లమీదో కనబడిందంటే అది ప్రత్యర్థి దగ్గర ఉండదు. బల్లమీద ఒక ఆసు తెరుచుకుంటే ఆసుల జత 6 నుంచి 3 కూర్పులకు, ఆసు-రాజు 16 నుంచి 12కు పడిపోతుంది. మంచి అంచనాకు పునాది ఈ తీసివేతే.

గణాంకాలు

ఆన్‌లైన్‌లో ముఖం కనబడదు, చేతి వణుకు తెలియదు. ఆ లోటును కొంతవరకు లెక్కలు తీరుస్తాయి. ఎక్కువగా చూసేవి రెండు. ఒక ఆటగాడు తనకు పంచిన చేతుల్లో (పంపకాల్లో) నూటికి ఎన్నింట ఇష్టపూర్వకంగా డబ్బు పెట్టాడో చెప్పేది వీపీఐపీ. ఫ్లాప్‌కు (బల్లమీద మొదటి మూడు ముక్కలు తెరవడానికి) ముందే ఎన్నింట రేజ్ చేశాడో (పందెం పెంచాడో) చెప్పేది పీఎఫ్ఆర్. ఈ లెక్కలు చూపే సాఫ్ట్‌వేర్‌ను కొన్ని సైట్లు అనుమతించవు. అక్కడ ఆటగాడు తన పరిశీలనను తానే రాసి పెట్టుకోవాలి.

పీఎఫ్ఆర్ 5 అంటే ఆ ఆటగాడు 1,326 కూర్పుల్లో సుమారు 66తోనే రేజ్ చేస్తాడని అర్థం. తొమ్మిదుల జత నుంచి ఆసుల జత వరకు 36, ఆసు-రాజు 16, ఆసు-రాణి 16 కలిపితే 68 అవుతాయి. అంటే అతని రేంజ్ దాదాపు ఇంతే. వీపీఐపీ 45, పీఎఫ్ఆర్ 5 ఉన్నవారు చాలా రకాల ముక్కలతో కాల్ చేస్తారు (ఎదుటి పందేనికి సమానంగా పెట్టి ఆటలో ఉంటారు). వారు రేజ్ చేశారంటే మాత్రం నమ్మాలి. ఇరవై ముప్పై చేతులు చూసి వేసిన లెక్క మోసం చేస్తుంది. వందల చేతులు చూశాకే ఈ అంకెలు నిలకడగా ఉంటాయి.

చిన్న పందేల స్వభావం

ఈ టేబుళ్లలో చాలామంది అవసరానికి మించి కాల్ చేస్తారు కానీ, అవసరమైనంతగా రేజ్ చేయరు. అందువల్ల రెండు విషయాలు తేలుతాయి. మొదటిది: నెమ్మదిగా ఆడే ఆటగాడు టర్న్‌లోనో (నాలుగో ముక్క తెరిచాక) రివర్‌లోనో (ఐదో ముక్క తెరిచాక) ఉన్నట్టుండి పెద్దగా రేజ్ చేస్తే అది బ్లఫ్ కావడం అరుదు. రెండవది: కాల్ చేయడం వల్ల రేంజ్ పెద్దగా కుదించుకుపోదు. చిన్న జతలు, మధ్యజతలు, సగం కుదిరిన వరసలు అన్నీ అందులోనే మిగులుతాయి. అలాంటివారి మీద బ్లఫ్ పనిచేయదు. బలమైన ముక్కలతో ధైర్యంగా పందెం వేయడమే లాభం.

ఒక ఉదాహరణ

బ్లైండ్లు 5, 10 సెంట్లు. బటన్ స్థానంలోని (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే) ఆటగాడు ఆటీను ఆసు, కళావరు రాణితో 30 సెంట్లకు రేజ్ చేశాడు. బిగ్ బ్లైండ్‌లో జాగ్రత్తగా, నెమ్మదిగా ఆడే ప్రత్యర్థి కాల్ చేశాడు. స్మాల్ బ్లైండ్ వదిలేసిన 5 సెంట్లతో కలిపి పాట్ (పోగైన పందేల మొత్తం) 65 సెంట్లు. ఫ్లాప్: ఇస్పేటు ఆసు, డైమను తొమ్మిది, కళావరు నాలుగు. బటన్ 40 సెంట్లు పెట్టాడు, ప్రత్యర్థి కాల్ చేశాడు. టర్న్: ఆటీను ఏడు. బటన్ డాలరు పెట్టగానే ప్రత్యర్థి మూడు డాలర్లకు రేజ్ చేశాడు.

ప్రత్యర్థి దగ్గర ఆసుల జత ఉంటే ఫ్లాప్‌కు ముందే తిరిగి రేజ్ చేసేవాడు కాబట్టి దాన్ని తీసేయవచ్చు. తొమ్మిదులు, ఏడులు, నాలుగుల జతలు మూడేసి చొప్పున 9 కూర్పులు. ఆసుతో తొమ్మిదో ఏడో నాలుగో కలిసి రెండు జతలయ్యే చేతుల్లో ఒకే గుర్తువే ఉంచుకున్నాడనుకుంటే 4 కూర్పులు. మొత్తం 13, అన్నీ ఆసు-రాణిని ఓడించేవే.

బటన్ ఇంకో 2 డాలర్లు పెడితే పాట్ 7.45 డాలర్లవుతుంది. నష్టం రాకూడదంటే సుమారు 27 శాతం సార్లు గెలవాలి. అంటే ఆ 13కు ఎదురుగా ఆసు-రాణికి ఓడిపోయే కూర్పులు కనీసం 5 ఉండాలి. ఆసు-జాకీ, ఆసు-పది చెరి 8 చొప్పున 16 ఉన్నాయి. వాటిలో మూడో వంతుతోనైనా అతను రేజ్ చేస్తేనే కాల్ చేయడం సరైనది. ఇలాంటి ఆటగాడు ఆ ముక్కలతో కాల్ మాత్రమే చేస్తాడు. పైగా రివర్‌లో ఇంకో పెద్ద పందెం వచ్చే వీలుంది. ఎంత కష్టంగా అనిపించినా ఇక్కడ ముక్కలు పడేయాల్సిందే.

సాధారణ పొరపాట్లు

మొదట తోచిన ఒక్క చేతినే పట్టుకుని వేలాడడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. తాను ఆలోచించినట్టే ప్రత్యర్థీ ఆలోచిస్తాడనుకోవడం ఇంకొకటి. చివర్లో తెరిచిన ముక్కలు తన అంచనాకు సరిపోనప్పుడు దురదృష్టమని వదిలేయకుండా, ఏ పందెం దగ్గర లెక్క తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకోవాలి. ఈ విద్య పెరిగేది అక్కడే. అంచనా ఎంత సరిగా ఉన్నా పాట్‌ల నుంచి సైటు కోసుకునే రుసుము చిన్న పందేల ఆటలో పెద్ద భారమే.

చట్టపరమైన స్థితి

డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ నిషేధాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. బ్రిటన్‌లోనూ, అమెరికాలోని నెవాడా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లోనూ లైసెన్సు పొందిన సైట్లలో ఈ ఆట సాగుతోంది. అయితే లెక్క నేర్చుకోవడానికి పందెం అక్కర్లేదు. ఒక పేక కట్ట తీసుకుని బల్లమీద నాలుగు ముక్కలు తెరిచి, ఇంకా ఏ కూర్పులు మిగిలాయో కాగితం మీద రాసుకుంటే చాలు.