ఎమ్.ఆర్.ఐ. చరిత్రలో బలహీన అయస్కాంతము

1977 జూలై 3వ తేదీన న్యూయార్కు నగరములో రేమండ్ డమాడియన్ అను వైద్యుడు తన సహాయకులలో ఒకనిని పెద్ద అయస్కాంతము నడుమ ఉంచి, అతని రొమ్ము లోపలి భాగమును చిత్రింప యత్నించెను. దాదాపు 5 గంటల పిమ్మట మసకమసకగా ఒక అడ్డుకోత చిత్రము వచ్చెను. ఆ అయస్కాంతపు బలము సుమారు 0.05 టెస్లా, అనగా భూమి అయస్కాంత బలమునకు ఇంచుమించు 1000 రెట్లు. 2024లో హాంకాంగు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దేహమునంతటిని చిత్రింపగల క్రొత్త యంత్రమొకటి నిర్మించితిమని ప్రకటించిరి. దాని బలము కూడ 0.05 టెస్లాయే. కాని ఒక్కొక్క చిత్రణమునకు 8 నిమిషములకు మించి పట్టదు. చిత్రములును ఎంతో స్పష్టముగా ఉన్నవి. నడుమ 47 ఏండ్లు గడచినవి. శాస్త్రము బయలుదేరిన చోటికే మరల వచ్చుటకు కారణమేమి?

మన దేహములో అధిక భాగము నీరు. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకము ఒక్క ప్రోటాను మాత్రమే. ప్రతి ప్రోటానును ఒక అతి సూక్ష్మమైన అయస్కాంతము. దానిని బలమైన అయస్కాంత క్షేత్రములో ఉంచి, తగిన పౌనఃపున్యము గల రేడియో తరంగమును పంపినచో అది ఆ శక్తిని గ్రహించి, పిదప తానును ఒక సన్నని సంకేతము నిచ్చును. ఈ విషయమును 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అను భౌతిక శాస్త్రజ్ఞులు వేరువేరుగా కనుగొని, 1952లో నోబెల్ బహుమతిని పంచుకొనిరి. క్షేత్రబలమును ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు క్రమముగా మార్చినచో, సంకేతపు పౌనఃపున్యమును బట్టి అది ఏ చోటినుండి వచ్చెనో తెలియునని 1973లో పాల్ లాటర్‌బర్ చూపెను. ఆయనకును, ఇంగ్లండులో ఈ పద్ధతిని వృద్ధిచేసిన పీటర్ మాన్స్‌ఫీల్డుకును 2003లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించెను.

సూత్రము సులభమే, చిక్కంతయు సంకేతపు బలములో ఉన్నది. క్షేత్రములో ఉంచినంత మాత్రమున ప్రోటానులన్నియు ఒకే దిశకు తిరగవు. దేహములోని వేడిమి వానిని ఎడతెగక కలచివేయుచుండును. క్షేత్రము దిశకు తిరిగినవి కొన్ని, ఎదురు తిరిగినవి కొన్ని ఉండగా, ఒకదాని ప్రభావమును మరియొకటి రద్దుచేయును. మిగిలిన స్వల్పమైన వ్యత్యాసమే మనకు ఉపయోగపడును. 1.5 టెస్లా క్షేత్రములో ఆ వ్యత్యాసము కోటికి 50 మాత్రమే. 0.05 టెస్లాలో కోటికి రెండైనను నిండవు. ఇంత సన్నని సంకేతము యంత్రపు రొదలో మునిగిపోవును. అనేక పర్యాయములు కొలిచి సగటు కట్టవచ్చును గాని, స్పష్టత రెండింతలు కావలెనన్న 4 సారులు, పదింతలు కావలెనన్న 100 సారులు కొలువవలెను. రోగి అంతసేపు కదలక ఉండలేడు.

1980లో స్కాట్లండునందలి ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున జాన్ మాలర్డు బృందము 0.04 టెస్లా యంత్రముతోనే ఒక రోగి రొమ్ములోని కంతిని, ఎముకలకు ప్రాకిన వ్యాధిని గుర్తించెను. బలహీన క్షేత్రము నిరుపయోగము కాదని ఆనాడే తేలినది. అయినను స్పష్టతకొరకు లోకమంతయు బలమైన క్షేత్రముల వైపే నడచెను. 1.5 టెస్లా యంత్రములు వాడుకలోనికి వచ్చెను. వాని తీగచుట్టలు ద్రవ హీలియములో, అనగా -269 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో, ఉండవలెను. బయటి రేడియో తరంగములు చొరకుండ గదికి లోహపు తొడుగు కావలెను. ఇన్ని హంగులు గల యంత్రము పెద్ద ఆసుపత్రులకే పరిమితమయ్యెను. కదల్ప వీలులేని రోగికి, దూరపు పల్లెవాసికి అది అందని పండు.

అయస్కాంతము మార్గము ఇట్లుండగా, గణక యంత్రములలో మరియొక విద్య పెరుగుచుండెను. నాడీకణముల అల్లికను పోలిన గణిత నిర్మాణములచే యంత్రమునకు చిత్రములను గుర్తించుట నేర్పు ప్రయత్నములు పాతవే. 1980లో జపాను శాస్త్రజ్ఞుడు కునిహికో ఫుకుషిమా అట్టి నిర్మాణమొకటి చేసెను. 2012 తరువాత ఈ విద్య డీప్ లెర్నింగ్ అను పేర వేగముగా వ్యాపించెను. దీని పద్ధతి ఇది: ఒకే దృశ్యపు మసక చిత్రమును, స్పష్టమైన చిత్రమును జతలుగా వేల కొలది యంత్రమునకు చూపుదురు. మసకదానినుండి అది ఊహించిన చిత్రము అసలుదానితో ఎంత తేడాపడెనో లెక్కించి, ఆ తేడా తగ్గునట్లు లోపలి లక్షలాది సంఖ్యలను కొద్దికొద్దిగా సవరింతురు. 2018లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన బో ఝూ, మాథ్యూ రోసెన్ ప్రభృతులు యంత్రపు ముడి సంకేతములనుండి నేరుగా చిత్రమును నిర్మించుటను ఈ విధముగనే నేర్పిరి.

దీనితో బలహీన అయస్కాంతమునకు మరల కాలము వచ్చెను. 2020లో అమెరికా ప్రభుత్వము 0.064 టెస్లా బలము గల, రోగి పడకయొద్దకే త్రోసికొని పోదగిన యంత్రమునకు అనుమతి నిచ్చెను. హాంకాంగులో ఎడ్ వూ బృందము మరియొక ఉపాయము పన్నెను. బయటి రొదను మాత్రమే వినుటకు కొన్ని తీగచుట్టలను యంత్రము చుట్టును అమర్చి, ఆ రొద అసలు సంకేతములో ఎట్లు కలియునో గణక యంత్రమునకు నేర్పి, దానిని తీసివేయించిరి. ఇక లోహపు గదితో పని లేదు. 2024 నాటి వారి యంత్రము గోడలోని మామూలు ప్లగ్గునుండి 1800 వాట్ల విద్యుత్తుతో నడచును. రెండు ఇస్త్రీ పెట్టెలకు పట్టునంత విద్యుత్తు కూడ కాదు.

కాని ఇచ్చట జాగ్రత్త అవసరము. కొలిచిన రొదను తీసివేయుట ఒకటి. కొలువని వివరమును పూరించుట మరియొకటి. యంత్రము తాను చూచిన వేల చిత్రములను బట్టి లేని గీతను ఉన్నట్లును, ఉన్న చిన్న కంతిని లేనట్లును చూపవచ్చును. మెదడులో నీరు చేరిన శిశువుల చికిత్సను గూర్చి 2021లో ఒక పరిశోధన వెలువడెను. అందు శిశువుల సి.టి. చిత్రములను కావలెనని మసకబరచి, డీప్ లెర్నింగుచే తిరిగి మెరుగుపరచి, అనుభవజ్ఞులైన ముగ్గురు శస్త్రవైద్యులకు చూపిరి. మెరుగుపరచిన చిత్రములు చూపునకు ఇంపుగానే ఉండెను. కాని వానిలో నిర్మాణ దోషములు చొరబడెను. కొన్ని వేళల మసక చిత్రమే మేలని ఆ పరిశోధకులు తేల్చిరి. మసక చిత్రము తనకు తెలియనిదానిని దాచదు.

కావున ఈ చరిత్రనుండి గ్రహింపవలసినది రెండు మాటలు. 1980లో ఆబర్డీన్ రోగికి ఉపకరించిన బలహీన క్షేత్రమును లోకము తొందరపడి విడిచినది. నేడు గణితము దానిని తిరిగి తెచ్చినది. అయితే కోటికి రెండైన నిండని ప్రోటానులు చెప్పినదెంత, యంత్రము ఊహించినదెంత అను లెక్క వైద్యుని ఎదుట ఉన్నప్పుడే ఆ చిత్రము రోగికి మేలుచేయును.