ఎస్టిమేటర్‌కు వీసా ఎవరిస్తారు? కొలతల కథ, కఫీల్ కథ

ఈ ఎపిసోడ్ విన్నవాళ్ల కోసం, డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం దీన్ని ఇక్కడ రాతలో పెడుతున్నాను. నేను దోహాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ టెండర్ సెక్షన్‌లో పనిచేస్తాను. డ్రాయింగులు చూసి కొలతలు తీయడం, రేట్లు కట్టడం నా పని. అందుకే నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "అన్నా, సివిల్ డిప్లొమా ఉంది, సైట్‌ల చేసిన. ఎస్టిమేషన్‌ల ఉద్యోగం దొరుకుతదా? కంపెనీయే వీసా ఇస్తదా?"

దొరుకుతుంది, ఇస్తుంది. కానీ ఎవరిని ఏం అడగాలో తెలియాలంటే రెండు చరిత్రలు తెలిసి ఉండాలి. ఒకటి కొలతలది, ఇంకోటి కఫీల్‌ది.

కొలత ఎలా ఉద్యోగమైంది?

19వ శతాబ్దపు ఇంగ్లండ్ నుంచి మొదలుపెడదాం. అప్పట్లో ఒక బిల్డింగ్‌కు టెండర్ వేయాలంటే ప్రతి కాంట్రాక్టరూ సొంతంగా డ్రాయింగులు కొలుచుకోవాలి. పదిమంది టెండర్ వేస్తే అదే గోడను పదిసార్లు కొలిచినట్టు. పని దొరికేది ఒక్కరికే, మిగతా తొమ్మిది మందికి ఆ ఖర్చు దండగ. దాంతో కాంట్రాక్టర్లంతా కలిసి ఒకే సర్వేయర్‌తో కొలిపించుకోవడం మొదలుపెట్టారు. టెండర్ గెలిచినవాడు ఆ సర్వేయర్ ఫీజును తన బిల్లులో కలిపేవాడు. కొన్నాళ్లకు బిల్డింగ్ యజమానులకు అర్థమైంది, ఆ ఫీజు ఎటు తిరిగినా తమ జేబులోంచే పోతోందని. అప్పటినుంచి సర్వేయర్‌ను వాళ్లే పెట్టుకోవడం మొదలైంది. క్వాంటిటీ సర్వేయర్ అనే ఉద్యోగం అలా నిలదొక్కుకుంది. ఈ ఫీజు సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీనితో పనుంది.

1868లో లండన్‌లో సర్వేయర్ల సంస్థ ఏర్పడింది. ఇప్పుడు ఆర్.ఐ.సి.ఎస్. అంటున్నది దాన్నే. ఏ పనిని ఏ లెక్కన కొలవాలో చెప్పే ప్రామాణిక పద్ధతి 1922లో మొదటిసారి అచ్చయింది. ఇంగ్లండ్ బయటి పనుల కోసం 1979లో ఇంకో పుస్తకం వచ్చింది. గల్ఫ్ టెండర్లలో 'పోమి' అని కనిపించేది అదే. గల్ఫ్‌లో చాలాకాలం బ్రిటిష్ పెత్తనం నడిచింది, ఆ తర్వాత బ్రిటిష్ కన్సల్టెంట్లు వచ్చారు. వాళ్లతోపాటు బి.ఓ.క్యూ. పద్ధతి కూడా ఇక్కడ పాతుకుపోయింది.

మన దగ్గర ఎస్టిమేషన్ వేరే దారిలో పెరిగింది. పీడబ్ల్యూడీ, ఎం.బుక్, ఏటా వచ్చే ఎస్.ఎస్.ఆర్. రేట్లు, కొలతలకు ఐ.ఎస్. 1200. ఇంజినీరింగ్ ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఇవన్నీ తెలిసినవే. తేడా ఎక్కడంటే, అక్కడ రేటు పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ రేటు మనమే కట్టాలి. అందుకే ఇంటర్వ్యూలో "ఎన్నేళ్ల అనుభవం" అన్నదానికంటే "ఒక క్యూబిక్ మీటర్ కాంక్రీటుకు రేటు ఎలా కడతావు" అన్నదే గట్టిగా అడుగుతారు. సిమెంటు, కూలి, మిషన్లు, వేస్టేజీ, ఓవర్‌హెడ్, లాభం. ఇవి విడివిడిగా చెప్పగలిగినవాడికి స్పాన్సర్ దొరకడం తేలిక.

పూచీ ఎలా సంకెలైంది?

'కఫాలా' అనే అరబ్బీ మాటకు అసలు అర్థం పూచీ, జామీను. ఒకరి తరఫున ఇంకొకరు బాధ్యత తీసుకోవడం. చెడ్డ మాటేమీ కాదు. దాన్ని పరదేశి కూలీ మెడకు కట్టడం తర్వాత జరిగింది. ఒమర్ అల్ షెహాబీ లాంటి చరిత్రకారులు దాని మూలాలను 20వ శతాబ్దం మొదట్లో, బహ్రెయిన్‌లోని బ్రిటిష్ పాలనలో చూపిస్తారు. ముత్యాల వేట బోట్ల మీద బయటి దేశాల మనుషులు పనిచేసేవాళ్లు. పాలన చూసే బ్రిటిష్ అధికారులు కొద్దిమంది. ఇంతమంది పరదేశీల మీద నిఘా పెట్టడం వాళ్లవల్ల కాలేదు. ప్రతి మనిషికీ స్థానికుడు ఒకడు జవాబుదారీగా ఉండాలన్నారు. అంటే ప్రభుత్వం చేయాల్సిన కాపలా పని యజమాని చేతికి పోయింది.

1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది. 1961లో కువైట్, 1971లో బహ్రెయిన్, ఖతార్, యుఏఈ స్వతంత్రమయ్యాయి. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయినా స్పాన్సర్ పద్ధతి మాత్రం చట్టాల్లో ఉండిపోయింది. 1973 తర్వాత చమురు ధర నాలుగింతలవడంతో రోడ్లు, రేవులు, టవర్లు లేచాయి. మన కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాలు, కడప వైపు నుంచి జనం కదిలారు. దేశంలోకి రావాలన్నా, ఇకామా కావాలన్నా, కంపెనీ మారాలన్నా కఫీల్ సంతకం కావాల్సిందే. సంతకానికి విలువ వచ్చేసరికి దాన్ని అమ్మేవాళ్లూ వచ్చారు. మనవాళ్లు 'ఆజాద్ వీసా' అనేది అలా పుట్టిందే. పేరుకే ఆజాద్. కాగితం మీద ఒక కఫీల్, పని ఇంకోచోట. పట్టుబడితే 'ఖల్లివెల్లి' అనే ముద్ర మనకే.

సంకెల ఎంత వదులైంది?

బహ్రెయిన్ 2009లో యజమాని అనుమతి లేకుండా కంపెనీ మారే వీలు ఇచ్చింది. 2011లో దానికి ఏడాది పనిచేసి ఉండాలని మెలిక పెట్టింది. ఖతార్ 2020లో చట్టం మార్చి ఎన్.ఓ.సి. తీసేసింది. నోటీసు ఇచ్చి మారొచ్చు. సర్వీసు రెండేళ్లలోపయితే నెల నోటీసు, దాటితే రెండు నెలలు. సౌదీ 2021 మార్చి నుంచి, ఏడాది పూర్తయిన ప్రైవేటు ఉద్యోగులకు ఇలాంటి వీలే కల్పించింది. యుఏఈ కొత్త కార్మిక చట్టం 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అయినా మీ ఇకామా ఇప్పటికీ కంపెనీ పేరు మీదే ఉంటుంది. సంకెల వదులైంది కానీ విడిపోలేదు.

బ్రిటన్ తన దేశంలో స్పాన్సర్ పద్ధతిని 2008లో పెట్టింది. అక్కడ స్పాన్సర్ లైసెన్సు కంపెనీకి ఉండాలి, లైసెన్సు ఉన్న కంపెనీల జాబితా ప్రభుత్వమే బయటపెడుతుంది. ఆఫర్ ఇచ్చిన కంపెనీ పేరు అందులో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ఒక జాగ్రత్త: అక్కడ క్వాంటిటీ సర్వేయర్‌కు ఒక కోడ్, ఎస్టిమేటర్‌కు ఇంకో కోడ్. 2025 జూలై నుంచి కొత్త వీసాలు చాలావరకు డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే. కాబట్టి ఆఫర్ లెటర్‌లో జీతంతోపాటు కోడ్ కూడా చూడండి.

మన ప్రభుత్వం వైపు కథ

1922 నాటి వలస చట్టం స్థానంలో 1983లో కొత్త ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌కు వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ కావాలి. వాళ్ల కాంట్రాక్టు ఒకసారి ప్రభుత్వం కంటపడుతుంది. ఎస్టిమేటర్లు చదువుకున్నవాళ్లు కాబట్టి ఈ క్లియరెన్స్ అక్కర్లేదు. ఇది సౌకర్యమే, కానీ మన కాంట్రాక్టును మనం తప్ప ఎవరూ చూడరు. వీసా మీద రాసిన వృత్తి, ఆఫర్‌లో రాసిన వృత్తి ఒకటేనా? సౌదీ అయితే ఇంజినీర్ హోదాకు అక్కడి ఇంజినీర్ల కౌన్సిల్ గుర్తింపు కావాలి, డిగ్రీ అటెస్ట్ అయిందా? ఇవి మనమే చూసుకోవాలి. ఏజెంటు ద్వారా వెళ్తే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతాయి.

రెండు కథలు కలిసేచోటు

ఇప్పుడు ఆ సర్వేయర్ ఫీజు దగ్గరకు వద్దాం. టెండర్‌లో కూలి రేటు కట్టేటప్పుడు నేను జీతం ఒక్కటే రాయను. వీసా ఖర్చు, మెడికల్, ఇకామా, విమానం టికెట్, క్యాంపు, భోజనం, బస్సు, ఇన్సూరెన్సు, సర్వీసు చివర ఇచ్చే గ్రాట్యుటీ అన్నీ కలుపుతాను. మొత్తాన్ని పనిగంటలతో భాగిస్తే గంటకు రేటు వస్తుంది. ఆఫీసు స్టాఫ్ ఖర్చు ఓవర్‌హెడ్‌లో పడుతుంది. మేస్త్రీ అయినా, ఎస్టిమేటర్ అయినా అతని వీసా డబ్బు బి.ఓ.క్యూ.లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. టెండర్ గెలిస్తే ఆ డబ్బు క్లయింట్ దగ్గర్నుంచే వస్తుంది.

కాబట్టి "వీసాకు రెండు లక్షలు కట్టు" అని ఎవరైనా అంటే, బిల్లులో చేరిన ఖర్చునే రెండోసారి మీ దగ్గర వసూలు చేస్తున్నారని అర్థం. సౌదీ, యుఏఈ చట్టాలు కూడా రిక్రూట్‌మెంట్ ఖర్చు యజమానిదే అంటున్నాయి. ఈ లెక్క మేస్త్రీకి ఎవరూ చెప్పరు. రోజూ ఆ లెక్క కట్టే మనకు తెలుసు.

ఎస్టిమేషన్‌లోకి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట ఇది. కంపెనీకి ఫోన్ చేసినప్పుడు "వీసా ఎంతకు ఇస్తారు" అని అడగకండి. "ఏ టెండర్ల మీద పని, వీసా మీద వృత్తి ఏమని ఉంటుంది, కాంట్రాక్టు కాపీ ఎప్పుడు పంపుతారు" అని అడగండి. మీ రూమ్‌లో ఎవరైనా ఊరి నుంచి తమ్ముణ్ని పిలిపించుకునే ప్రయత్నంలో ఉంటే, ఈ రేటు లెక్క వాళ్లకూ ఒకసారి కాగితం మీద వేసి చూపించండి.