గోడలో మిగిలిన 1934

అద్దె ఇంట్లో ఫ్రిజ్జు ఎక్కడుండాలో నిర్ణయించేది మనం కాదు, పెద్ద ప్లగ్గు. హాలు నిండా చిన్న సాకెట్లే. వంటింట్లో ఉన్న ఒక్క 16 యాంపియర్ల దానికోసం మైక్రోవేవూ, ఇండక్షన్ స్టవ్వూ వంతులేసుకోవాలి.

ఈ చిన్నా పెద్దా తేడా ఎక్కడిదా అని వెతికితే బ్రిటన్‌లో తేలాను. గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గుకి మూలం అక్కడి 546వ నంబరు ప్రమాణం, 1934 నాటిది. లైట్లకీ ఫ్యాన్లకీ 5 యాంపియర్లు, హీటర్లలాంటి వాటికి 15.

తర్వాత యుద్ధం వచ్చింది. బాంబులకి కూలిన ఇళ్ళు మళ్ళీ కట్టాలి, చూస్తే రాగి కొరత. అందుకని వాళ్ళు 1947లో అన్నిటికీ ఒకే సైజు పెట్టుకున్నారు: 13 యాంపియర్లు, పలక పిన్నులు, ప్లగ్గులోనే ఫ్యూజు. అదే ఏడాది మనల్ని వదిలి వెళ్ళారు. పాత ప్లగ్గు మాత్రం మన గోడల్లో ఉండిపోయింది. ఇప్పుడది ఐఎస్ 1293.

పాతదే కానీ తెలివితక్కువది కాదు. పైనుండే లావుపాటి పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగు. కరెంటుకంటే ముందు ఎర్త్ అందాలని అలా చేశారు. మన పాత ఇళ్ళు చాలావాటిలో సాకెట్టుకి మూడు కన్నాలుంటాయి, వెనకాల ఎర్తు తీగే ఉండదు. ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. "చెప్పులేసుకుని తియ్యి" అంటాం. ప్లగ్గు వాళ్ళు వదిలేసిందే, తీగ ఖర్చు మిగుల్చుకున్నది మనం.